బంతి ఉన్నా లేకపోయినా అదే పరుగు: ఆప్షన్ ఆటలో పవర్ బ్యాక్‌కి పాఠం

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆప్షన్ అంటే బంతి ఎవరి చేతికి వెళ్లాలో ప్లే మొదలయ్యాక క్వార్టర్‌బ్యాక్ (బంతి ముందుగా అందుకుని ఆట నడిపేవాడు) డిఫెండర్‌ని చూసి నిర్ణయించే పద్ధతి. అలా ఆడే జట్టులో క్వార్టర్‌బ్యాక్ వెనకాల నిలబడే బలమైన రన్నింగ్ బ్యాక్‌ని (బంతితో పరిగెత్తేవాణ్ని) కొందరు ఫుల్‌బ్యాక్ అంటారు, ఫ్లెక్స్‌బోన్ అనే అమరికలో ఆడేవాళ్లు బీ-బ్యాక్ అంటారు, డైవ్ బ్యాక్ అనేవాళ్లూ ఉన్నారు. పేరేదైనా పని ఒకటే. స్నాప్ పడగానే, అంటే సెంటర్ బంతిని వెనక్కి అందించగానే, డిఫెన్స్ నడిమధ్యకి దూసుకెళ్లాలి. నేను ఒక హైస్కూల్ జట్టులో రన్నింగ్ బ్యాక్‌లకి ఆట నేర్పిస్తాను. ఈ పొజిషన్‌కి కొత్తగా వచ్చిన కుర్రాడు చదువుతాడనుకుని రాస్తున్నాను కాబట్టి ‘నువ్వు’ అంటాను. తల్లిదండ్రులు చదివితే మరీ మంచిది. మీ అబ్బాయి పేరు స్టేడియం మైకులో తక్కువగా వినిపించినా జట్టుకి వాడెంత ముఖ్యమో తెలుస్తుంది.

నీ బలం ఎవరికి పనికొస్తుంది

ట్రిపుల్ ఆప్షన్‌లో మూడు దారులుంటాయి. బంతి నీకు ఇవ్వడం, క్వార్టర్‌బ్యాక్ తనే ఉంచుకోవడం, పక్కన పరిగెత్తే బ్యాక్‌కి పిచ్ చెయ్యడం, అంటే పక్కకి విసిరి అందించడం. ఇందులో కిటుకంతా ఒక డిఫెండర్‌ని కావాలని వదిలెయ్యడంలో ఉంది. ఇన్‌సైడ్ వీర్ అనే ప్లేలో మన టాకిల్ (మన లైన్‌లో సెంటర్ పక్కన గార్డ్, గార్డ్ పక్కన ఇతను) తన ఎదురుగా ఉన్న డిఫెన్సివ్ ఎండ్‌ని (డిఫెన్స్ లైన్ చివర ఉండేవాణ్ని) ముట్టుకోడు. అతన్ని దాటి లోపల, డిఫెన్స్ లైన్ వెనక నిలబడే లైన్‌బ్యాకర్ మీదికి వెళ్తాడు. ఎవరూ అడ్డుకోని ఆ ఎండ్‌ని క్వార్టర్‌బ్యాక్ చూస్తూ ఉంటాడు. ఎండ్ నీ మీదికి వస్తే బంతి తను ఉంచుకుంటాడు. రాకపోతే నీకు వదిలేస్తాడు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. నువ్వు బలహీనంగా పరిగెత్తితే ఆ ఎండ్ దేన్నీ ఎంచుకోనక్కర్లేదు. నిన్ను ఒంటిచేత్తో తడబడేలా చేసి, రెండో అడుగులో క్వార్టర్‌బ్యాక్‌ని పట్టుకుంటాడు. ఇద్దరి పని ఒక్కడు చేసేస్తాడు. అలాంటప్పుడు క్వార్టర్‌బ్యాక్ ఎంత తెలివైనవాడైనా అతని ముందు మంచి జవాబే ఉండదు. నిన్ను ఆపాలంటే భుజం, నడుము, రెండు కాళ్లు అన్నీ పెట్టాల్సిందే అని ఆ ఎండ్‌కి మొదటి క్వార్టర్‌లోనే తెలియాలి. తెలిసిన రోజు అతను లోపలికి వస్తే పూర్తిగా వస్తాడు, రాకపోతే పూర్తిగా రాడు. క్వార్టర్‌బ్యాక్‌కి తేటగా కనబడుతుంది. అంటే నీ బలం నీ పరుగు కోసమే కాదు, అతని నిర్ణయం సులువు చెయ్యడానికి కూడా. పవర్ బ్యాక్‌ని ఎందుకు వెతుకుతారని ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఇదే.

లైన్‌బ్యాకర్ల సంగతీ అంతే. నువ్వు మధ్యలోకి వస్తున్నంతసేపూ వాళ్లు పక్కకి పరిగెత్తలేరు. వాళ్లు ఆగిపోయిన ఆ ఒక్క క్షణమే బయట పిచ్ అందుకునేవాడికి దారి.

ఎక్కడ నిలబడాలి, మొదటి అడుగు ఎలా వెయ్యాలి

మా జట్టులో బీ-బ్యాక్ చెయ్యి బంతికి సుమారు నాలుగున్నర యార్డుల వెనక నేలమీద ఉంటుంది, క్వార్టర్‌బ్యాక్‌కి సరిగ్గా వెనకాల. ఇది రాతిమీద గీత కాదు. క్వార్టర్‌బ్యాక్ రెండో అడుగు పడేసరికి నువ్వు అతని పక్కన ఉండాలి. వేగంగా కదిలేవాడైతే కాస్త వెనక్కి, నెమ్మదివాడైతే కాస్త ముందుకి జరుపుతాం. ఈ కొద్దిపాటి దూరం ఎంత పని చేస్తుందో చరిత్రలో ఉంది. 1968లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో హెడ్ కోచ్ డారెల్ రాయల్ దగ్గర పనిచేసే ఎమరీ బెలార్డ్ విష్‌బోన్ అనే ఆప్షన్ అమరిక తయారుచేసినప్పుడు ఫుల్‌బ్యాక్ స్టీవ్ వర్‌స్టర్‌ని క్వార్టర్‌బ్యాక్‌కి మరీ దగ్గరగా నిలబెట్టారు. మొదటి రెండు ఆటల్లో ఒకటి టై, ఒకటి ఓటమి. తర్వాత వర్‌స్టర్‌ని కాస్త వెనక్కి జరిపారు, క్వార్టర్‌బ్యాక్‌గా జేమ్స్ స్ట్రీట్‌ని దించారు. ఆ జట్టు అక్కణ్నుంచి వరసగా 30 ఆటలు గెలిచింది. గెలుపంతా ఆ జరపడం వల్లే అని నేననను. కానీ క్వార్టర్‌బ్యాక్‌కి ఎండ్‌ని చూసుకోవడానికి ఒక రెప్పపాటు ఎక్కువ దొరికింది.

మూడు ఆనికల మీద వంగి నిలబడు. బరువు ముందుకి ఉండాలి కానీ చేతిమీద మొత్తం వేసెయ్యకు, లేచేటప్పుడు ఆలస్యమవుతుంది. చూపు నేరుగా ముందుకి. నువ్వు వెళ్లబోయే వైపు ఒక్కసారి చూసినా అవతలి లైన్‌బ్యాకర్ పసిగడతాడు. కుడివైపు ప్లే అయితే కుడి కాలే ముందు కదలాలి, అదీ పొట్టి అడుగు, జానెడు మించకూడదు. ఎడమ కాలిని అడ్డంగా వేస్తే నీ తుంటి పక్కకి తిరిగిపోతుంది, అక్కణ్నుంచి సూటిగా వెళ్లలేవు. ఇన్‌సైడ్ వీర్‌లో మేం ఇచ్చే గురి గార్డ్ బయటి తుంటి. నేరుగా మధ్యలోంచి వెళ్లే మిడ్‌లైన్ ప్లే అయితే సెంటర్ నడుము మధ్య. ఆ మిడ్‌లైన్‌లో క్వార్టర్‌బ్యాక్ నీ దారిలోంచి పక్కకి గెంతుతాడు. నువ్వు అరడుగు ఒంగినా ఇద్దరూ గుద్దుకుంటారు. అందుకని మిడ్‌లైన్‌లో తెలివితేటలు చూపించొద్దు, గీత మీద పరిగెత్తు.

మెష్

ఆప్షన్ బతికేదీ చచ్చేదీ ఇక్కడే. క్వార్టర్‌బ్యాక్, నువ్వు, బంతి ఒక్కచోట కలిసే ఆ క్షణాన్ని మెష్ అంటారు. సెకను కూడా పట్టదు. నెమ్మదిగా చెప్తాను.

క్వార్టర్‌బ్యాక్ వైపు ఉన్న మోచేయి పైకి లేవాలి, ఛాతీ ఎత్తుకి. ఆ చేతి బొటనవేలు కిందికి. రెండో చెయ్యి పొత్తికడుపు దగ్గర అడ్డంగా, అరచెయ్యి పైకి. రెండిటి మధ్య బంతి పట్టేంత ఖాళీ. మోచేయి దిగిపోతే బంతి దానికి తగిలి నేలమీద పడుతుంది, అందరూ క్వార్టర్‌బ్యాక్‌ని తిడతారు. అతను బంతిని వెనక్కి చాపి నీ కడుపులో పెడతాడు. పెట్టి, నీతోపాటే చేతులు ముందుకి తెస్తాడు, తన వెనక తుంటి నుంచి ముందు తుంటి దాకా. ఈ కాస్త ప్రయాణంలోనే అతను నిర్ణయించుకుంటాడు. అతని కళ్లు బంతిమీదా నీమీదా ఉండవు, ఎండ్ మీద ఉంటాయి. నువ్వు అతని దారిలోకి సరిగ్గా రావాలి తప్ప అతను నిన్ను వెతుక్కోలేడు.

మరి నీ చేతులు ఏం చెయ్యాలి? మెత్తగా మూసుకోవాలి. గట్టిగా లాక్కోకూడదు, వదులుగా వదిలెయ్యకూడదు. లాక్కుంటే, అతను ఉంచుకోవాలనుకున్నప్పుడు ఇద్దరూ చెరోవైపు గుంజుతారు, బంతి చేజారి ఫంబుల్ అవుతుంది. వదిలేస్తే, అతను ఇవ్వాలనుకున్నప్పుడు బంతి జారిపోతుంది. మా నియమం ఏమిటంటే, బంతి ఇంకా కడుపు దగ్గర ఉండి అతని చేతులు వెళ్లిపోతే అది నీది, అప్పుడు బిగించు. బంతి జారుకుంటూ బయటికి పోతుంటే పోనీ. కొత్త కుర్రాళ్లకి ఇది అలవాటు కావడానికి వారాలు పడుతుంది. టెన్షన్‌లో చేతులు బిగుసుకుపోతాయి. చేతులు బిగుసుకున్నాయంటే భుజాలు చెవుల దగ్గరికి లేచాయని అర్థం. స్నాప్‌కి ముందు ఒక్కసారి ఊపిరి వదిలి భుజాలు దించు, తేడా నీకే తెలుస్తుంది.

ఇంకొకటి, మెష్ దగ్గర వేగం తగ్గించకు. ఇస్తాడో లేదో చూద్దామని చిన్న అడుగులు వేసేవాడిని నేను ఇరవై యార్డుల దూరం నుంచి కనిపెట్టగలను. ఎండ్ నాకంటే దగ్గరగా ఉన్నాడు, అతనూ కనిపెడతాడు.

బంతి నీదైతే

రెండు చేతులూ బంతిమీద ఉంచి లైన్ దాటు. గుంపులో ఒంటిచేత్తో మోసేవాడు బంతి పోగొట్టుకుంటాడు. బయటపడ్డాక ఒక చేతిలోకి మార్చుకో. వేళ్లు బంతి ముక్కుమీద, అరచెయ్యి, ముంజేయి, కండ, పక్కటెముకలు, ఈ ఐదూ బంతికి ఆనుకుని ఉండాలి.

నువ్వు చూడాల్సింది గార్డ్ పక్కన లోపల ఉన్న మొదటి డిఫెన్సివ్ లైన్‌మన్‌ని. మనవాడి తల అతనికి ఏ వైపు ఉందో చూడు. మనవాడి తల బయటివైపుంటే నువ్వూ అటే. డిఫెండర్ బయటికి ఎగబడితే అతని వెనకనుంచి లోపలికి ఒంగు. ఒక్క ఒంపు చాలు. రెండో ఒంపు వేశావంటే వెనకనుంచి ఎవడో ఒకడు వస్తాడు. పవర్ బ్యాక్‌కి నాట్యం పనికిరాదు. ఒక కాలు గట్టిగా నాటి, భుజాలు గోల్ వైపే ఉంచి వెళ్లిపోవడం.

తగిలేటప్పుడు మోకాళ్లు వంచి కిందికి దిగాలి, నడుము దగ్గర కాదు. తల కిందికి వంచి హెల్మెట్ మొనతో మాత్రం ఎప్పుడూ గుద్దకు. అది రూల్‌కి విరుద్ధం, దానికంటే ముందు మెడకి ప్రమాదం. కళ్లు పైకి ఉంచి, భుజంతో తగులు. తగిలాక కాళ్లు ఆపకు. నాకు బాగా నచ్చే బ్యాక్‌లు తగిలిన తర్వాత ఇంకో రెండు యార్డులు ముందుకి పడతారు. స్కోర్‌బోర్డులో అది కనబడదు కానీ ఆలోచించు. పది యార్డులు వెళ్లడానికి నాలుగు డౌన్లు, అంటే నాలుగు ప్రయత్నాలు, ఉంటాయి. డౌన్‌కి మూడు యార్డుల చొప్పున మూడుసార్లు వస్తే నాలుగో డౌన్‌లో ఒక్క యార్డు మిగులుతుంది. ఆప్షన్ కోచ్‌లు ఆ ఒక్క యార్డుకి ధైర్యంగా వెళ్లగలిగేది నీవల్లే. 2004లో ఎమరాల్డ్ బౌల్ అనే కాలేజీ ఆటలో న్యూ మెక్సికో మీద నేవీ జట్టు ఒకే డ్రైవ్‌లో, అంటే బంతి చేతికొచ్చాక అది పోయేదాకా, 26 ప్లేలు ఆడి 14 నిమిషాల 26 సెకన్లు బంతిని తన దగ్గరే ఉంచుకుంది. పాల్ జాన్సన్ కోచ్, ఫుల్‌బ్యాక్ కైల్ ఎకెల్. 2018లో ఆర్మీ జట్టు ఓక్లహోమా మీద 60 నిమిషాల ఆటలో దాదాపు 45 నిమిషాలు బంతి పట్టుకుని ఓవర్‌టైమ్ దాకా లాగింది. ఓడిపోయింది, నిజమే. కానీ అంత బలమైన ప్రత్యర్థి తన క్వార్టర్‌బ్యాక్ కైలర్ ముర్రేని పక్కన కూర్చోబెట్టి చూస్తూ ఉండాల్సి వచ్చింది.

తల తిరిగినా, చూపు మసకబారినా వెంటనే ట్రైనర్‌కి చెప్పు. ఈ పొజిషన్‌లో ప్రతి ప్లేకీ దెబ్బ తగులుతుంది, దాచిపెట్టడం ధైర్యం కాదు.

బంతి నీది కాకపోతే

ఈ భాగం ఇంకా ముఖ్యం. క్వార్టర్‌బ్యాక్ బంతి లాగేసుకున్నాక నీ చేతులు ఖాళీ. వాటిని బంతి ఉన్నట్టే ముడిచి, అంతే కిందికి దిగి, అంతే వేగంతో లైన్‌లోకి వెళ్లు. నిన్ను ఎవరైనా పడగొడితే సంతోషించు. పడగొట్టినవాడు బంతి ఉన్నవాణ్ని పట్టుకోలేడు కదా. ఎవరూ పడగొట్టకపోతే ఎదురుగా కనబడిన మొదటి లైన్‌బ్యాకర్‌ని అడ్డుకో.

మా దగ్గర ఒక కుర్రాడుండేవాడు, చాలా బలమైనవాడు. బంతి రాలేదని తెలియగానే తల తిప్పి క్వార్టర్‌బ్యాక్ ఏం చేస్తున్నాడో చూసేవాడు. తల తిరగడం ఎంతసేపు? కానీ వెడల్పాటి కెమెరా ఫిల్మ్‌లో చూస్తే, వాడి తల తిరిగిన చోటే మధ్య లైన్‌బ్యాకర్ కూడా అటే తిరిగాడు. వాడే బంతి ఎక్కడుందో చెప్పేశాడన్నమాట. పక్కన కూర్చోబెట్టి ఆ ముక్క వాడికే చూపించాను. తర్వాత వారం నుంచి చేతులు ఖాళీగా ఉన్నా వాడు ఎండ్ జోన్ (గోల్ గీత అవతలి స్థలం) వైపే చూస్తూ పరిగెత్తాడు.

బయటికి వెళ్లే రాకెట్ టాస్ లాంటి ప్లేల్లో నువ్వు పూర్తిగా బ్లాకర్‌వి. హైస్కూల్‌లో నువ్వు నడుము కింద బ్లాక్ చెయ్యడానికి వీల్లేదు, నిలబడే చెయ్యాలి. కాలేజీలోనూ 2022 నుంచి టాకిల్ బాక్స్ (లైన్ మధ్య చోటు) బయట నడుము కింద బ్లాకులు నిషేధించారు. ఆప్షన్ జట్లకి అది పెద్ద దెబ్బే. కాబట్టి చేతులతో, భుజంతో నిలబడి అడ్డుకోవడం ఇప్పుడే నేర్చుకో. నడుము కింద పడి కాళ్లు లాగే పాత ఫిల్మ్‌లు చూసి అనుకరించకు.

అవతలివాళ్ల ఎత్తులు

తరచుగా వచ్చేది ఇది. ఎండ్ కళ్లు మూసుకుని నీ మీద పడతాడు. క్వార్టర్‌బ్యాక్ సరిగ్గానే చూసి బంతి ఉంచుకుంటాడు. కానీ లోపలి లైన్‌బ్యాకర్ అప్పటికే బయటికి చుట్టు తిరిగి వచ్చి అతనికోసం కాచుకుని ఉంటాడు. పైనుంచి చూస్తే క్వార్టర్‌బ్యాక్ తప్పు చేసినట్టు ఉంటుంది. అసలు ఏం జరిగిందో చెప్పగలిగినవాడివి నువ్వే. పక్కకి వచ్చి కోచ్‌తో “ఎండ్ నా భుజం మీద పడ్డాడు, నా ఎదురుగా లైన్‌బ్యాకర్ లేడు” అని చెప్పు. ఆ ఒక్క మాట చాలు. తర్వాతి డ్రైవ్‌లో ఎండ్‌ని బ్లాక్ చేసే ప్లే పిలుస్తారు, లైన్‌బ్యాకర్ ఖాళీ చేసిన చోటుకి నువ్వు బంతితో వెళ్తావు. మంచి డైవ్ బ్యాక్ ప్రతి ప్లే తర్వాత తనని ఎవరు కొట్టారో నంబరుతో సహా చెప్పగలగాలి.

రెండో ఎత్తు, ఎండ్ ఎటూ వెళ్లకుండా తచ్చాడటం. క్వార్టర్‌బ్యాక్‌ని తికమకపెట్టాలని. దీనికి మందు నీ వేగమే. నువ్వు పూర్తి వేగంతో అతన్ని దాటిపోతే తచ్చాడేవాడు నిన్ను అందుకోలేడు, క్వార్టర్‌బ్యాక్ నిశ్చింతగా ఇచ్చేస్తాడు.

డిఫెన్స్ మరీ దూకుడుగా బయటికి పరిగెత్తుతుంటే ట్రాప్ అనే ప్లే ఉంది. ఇంకోవైపు గార్డ్ తన చోటు వదిలి ఇటు వచ్చి, కావాలని లోపలికి రానిచ్చిన లైన్‌మన్‌ని పక్కనుంచి కొడతాడు, నువ్వు అతని వెనకనుంచి జారిపోతావు. 1995 జనవరి 1న ఆరెంజ్ బౌల్‌లో నెబ్రాస్కా మయామి మీద నాలుగో క్వార్టర్‌లో 17-9తో వెనకబడి ఉంది. ఫుల్‌బ్యాక్ కోరీ ష్లెసింజర్ 15 యార్డులు ఒకసారి, 14 యార్డులు ఇంకోసారి ట్రాప్ మీద పరిగెత్తి రెండు టచ్‌డౌన్లు చేశాడు. 24-17తో గెలిచారు, టామ్ ఆస్బోర్న్‌కి కోచ్‌గా మొదటి జాతీయ టైటిల్. ఆ ఆటలో అంతకుముందు అతను చేసింది ఎక్కువగా బ్లాకింగే. ఆ రెండు పరుగుల ఫిల్మ్ దొరికితే చూడు. మయామి వాళ్లు ఎంత వేగంగా అతన్ని దాటి వెళ్లిపోతున్నారో గమనించు.

షాట్‌గన్‌లో

ఇప్పుడు చాలా జట్లు షాట్‌గన్‌లోంచే, అంటే క్వార్టర్‌బ్యాక్ సెంటర్‌కి దూరంగా వెనక నిలబడే అమరికలోంచే, ఆప్షన్ ఆడుతున్నాయి. నువ్వు క్వార్టర్‌బ్యాక్ వెనక కాకుండా పక్కన నిలబడతావు, జోన్ రీడ్ అనే ప్లేలో అతని ముందుగా అడ్డంగా దాటి వెళ్తావు. మెష్ చేతులు అవే, నియమాలు అవే. తేడా దారిలో ఉంది. పక్కనుంచి బయలుదేరతావు కాబట్టి మొదటి రెండు అడుగుల తర్వాత భుజాలు గోల్ వైపు తిప్పుకోవాలి. తిప్పుకోకపోతే పక్కకే పరిగెత్తుతూ ఉంటావు. వీర్ అంత త్వరగా లైన్ మీదికి చేరలేవు, కాబట్టి కొంచెం ఓపిక కావాలి. నా ఇష్టం అడిగితే పాతదే, క్వార్టర్‌బ్యాక్ సెంటర్ వెనకాల ఉండేదే. నీ పరుగు సూటిగా ఉంటుంది, డిఫెన్స్‌కి ఆలోచించుకునే వ్యవధి ఉండదు.

రోజూ చెయ్యాల్సింది

లైన్‌మెన్ లేకుండా మెష్ సాధన చెయ్యడానికి చాలామంది ఆప్షన్ కోచ్‌లు పాత ఫైర్ హోస్ వాడతారు. దాన్ని గడ్డిమీద అడ్డంగా పరిచి, దానిమీద సెంటర్, గార్డ్, టాకిల్ నిలబడే చోట్లు పెయింట్‌తో గుర్తులు పెడతారు. మేమూ అలాగే చేస్తాం. ఒక కోచ్ ఎండ్ స్థానంలో నిలబడతాడు. ఒకసారి లోపలికి వస్తాడు, ఒకసారి ఆగిపోతాడు. ప్రాక్టీస్ మొదట్లోనే, కాళ్లు తాజాగా ఉన్నప్పుడు, రెండు వైపులా చేస్తాం. బీ-బ్యాక్ అడుగు గార్డ్ గుర్తు బయటి అంచు మీదుగా పడాలి. పడకపోతే ఆపి, వెనక్కి పంపి, మళ్లీ.

ఇంకొకటి నువ్వూ నీ క్వార్టర్‌బ్యాక్ ఇద్దరే చేసుకోగలరు. అతను బంతి నీ కడుపులో పెట్టేటప్పుడు నువ్వు కళ్లు ఎండ్ జోన్ వైపే ఉంచి నడక వేగంతో మొదలుపెట్టు. ఇచ్చాడా, లాగేశాడా అన్నది చేతులతోనే తెలుసుకోవాలి, కళ్లతో కాదు. నడకలో తడబాటు పోయాక పరుగు. తడి బంతితో కూడా చెయ్యి, వాన పడే ఆటలుంటాయి.

శుక్రవారం ఆట అయ్యాక ఫిల్మ్ చూసేటప్పుడు నీకు బంతి రాని ప్లేలు ముందు చూడు. ప్రతిదాంట్లో ఆపి, నీ చుట్టూ ఒక యార్డు దూరంలో ఎంతమంది డిఫెండర్లు ఉన్నారో లెక్కపెట్టు. ఇద్దరుంటే ఆ ప్లేలో నీ పని నువ్వు చేశావు. ఒక్కడూ లేకపోతే వెనక్కి తిప్పి నీ మోచేతులు, నీ తల, నీ మూడో అడుగు చూడు. ఈ మూడిట్లో ఒకటి వాళ్లకి ముందే చెప్పేసి ఉంటుంది.